చీకటి పక్షంలో పాత దెయ్యాల ఆటలు: ఇంట్లో ఒక రాత్రి ఏర్పాటు చేసుకోవడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఊళ్లలో 1990లలో పిల్లలుగా పెరిగిన తెలుగువారి ఇళ్లలో, అటక మీద ఎక్కడో ఒక టీవీ గేమ్ డబ్బా, దానితోపాటు నాలుగైదు పసుపు రంగు క్యాసెట్లు ఇంకా ఉండే అవకాశం ఉంది. అది పనిచేస్తుందో లేదో చూడకుండానే ఏటా దీపావళి సర్దుళ్లలో దాన్ని ఒక మూల నుంచి మరో మూలకు మారుస్తూ ఉంటాము. ఈ ఏడు దాన్ని కిందికి దింపి, శుభ్రం చేసి, ఇంటిల్లిపాదీ కూర్చుని పాత దెయ్యాల ఆటలు ఆడుకునేలా ఒక రాత్రిని సిద్ధం చేసుకోవడానికి ఏమేమి చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఆ కాలపు ఆటలు భయపెట్టినది తమకున్న బలంతో కాదు, తమకు లేనివాటి వల్లనే. మన టీవీ గేమ్ డబ్బాలకు మూలమైన నింటెండో ఫామికామ్ యంత్రానికి ఉన్న పని మెమరీ 2 కిలోబైట్లు మాత్రమే. తెర మీద ఒకేసారి చూపగలిగిన రంగులు సుమారు 25. అంత తక్కువలో దెయ్యాన్ని పూర్తిగా గీయడం కుదరదు కనుక, నల్లటి తెర మీద నాలుగు తెల్లని చుక్కలు పెట్టి మిగతాది ఆడేవారి ఊహకు వదిలేసేవారు. అందుచేత పాత ఆటను కొత్త టీవీ మీద, ట్యూబులైటు వెలుగులో, మధ్య మధ్య ఫోను చూసుకుంటూ ఆడితే అది పేలవంగా ఉంటుంది. కింద చెప్పే పనులలో చాలాభాగం ఆ లేమిని తిరిగి తెచ్చుకోవడానికే ఉద్దేశించినవి.

తేదీ నిర్ణయించుకోవడం

పాశ్చాత్య దేశాల్లో దెయ్యాల ఆటల కాలానికి అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ కేంద్రం. ఆ రోజుకు అటూ ఇటూ ఆన్‌లైన్ ఆటలు కొత్త వేషాలతో, గుమ్మడికాయ దీపాలతో, ప్రత్యేక శత్రువులతో కొన్నాళ్లపాటు రూపం మార్చుకుంటాయి. టీమ్ ఫోర్ట్రెస్ 2 అనే ఆన్‌లైన్ ఆటలో 2009లో మొదలైన ఈ పద్ధతి ఇప్పటికీ ఏటా సాగుతోంది. మన వైపు ఈ కాలం అంతకంటే పొడుగైనది. మహాలయ పక్షంలో పితృదేవతలను తలచుకోవడంతో మొదలై, దసరా, ఒడియావారు ఆశ్వయుజ పున్నమి నాడు చేసుకునే కుమార పూర్ణిమ, నరక చతుర్దశి దాటి, దీపావళి అమావాస్య వరకు సాగుతుంది. అమావాస్య సాయంత్రం ఒడియా ఇరుగుపొరుగువారు జనుము పుల్లల కట్టలు వెలిగించి, చీకటిలో వచ్చిన పెద్దలను వెలుగులో తిరిగి వెళ్లమని పిలుస్తారు. మన ఇళ్ల ముందు పిల్లలు గోగు కాడలకు గుడ్డ వత్తులు కట్టి దిబ్బు దిబ్బు కొడతారు.

అయితే సరిగ్గా ఆ సాయంత్రమే ఆట పెట్టుకోవద్దు. టపాసుల మోతలో ఆట సంగీతం వినిపించదు, పిల్లలెవరూ కుదురుగా కూర్చోరు. కుమార పూర్ణిమ నాడు జాగరణ చేస్తూ గవ్వలు, పేకలు ఆడే ఆచారం ఉన్నందువల్ల ఆ రాత్రి ఆటకు పెద్దల అభ్యంతరం ఉండదు గానీ, కిటికీలోంచి వచ్చే పున్నమి వెన్నెల తెర మీద పడుతుంది. ఆశ్వయుజ బహుళ ఏకాదశి నుంచి త్రయోదశి వరకు ఏదో ఒక రాత్రి అన్నిటికంటే అనుకూలమైనదని నా అభిప్రాయం. హాలోవీన్ గురించి బడిలో విని వచ్చిన పిల్లలు అదే రోజు కావాలని పట్టుబడితే, కొన్ని సంవత్సరాల్లో రెండూ దగ్గర దగ్గరగానే వస్తాయి. 2024లోనైతే దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే కలిశాయి.

డబ్బాను పరీక్షించడం

అటక మీది నుంచి దింపిన వెంటనే ప్లగ్ పెట్టకండి. ముందు అడాప్టర్ మీది చీటీ చదవండి. ఇలాంటి డబ్బాలకు ఎక్కువగా 9 వోల్టుల డీసీ అడాప్టర్ ఇచ్చేవారు. లోపల 7805 అనే రెగ్యులేటర్ దానిని 5 వోల్టులకు తగ్గిస్తుంది. అసలు ఫామికామ్‌కు అడాప్టర్ పిన్ను నడిమి భాగం మైనస్, బయటి భాగం ప్లస్. ఇప్పుడు బజారులో దొరికే అడాప్టర్లలో అధిక భాగం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటాయి. పాత అడాప్టర్ పోయి కొత్తది కొనవలసి వస్తే, డబ్బా వెనకనో అడుగుననో ఉండే చిన్న వృత్తాల గుర్తు చూసి, ప్లస్, మైనస్ సరిపోయినదే తీసుకోండి. గుర్తు చెరిగిపోయి ఉంటే, పది రూపాయలు ఆదా చేద్దామని చేతికందినది గుచ్చకుండా, రేడియో, టీవీ బాగుచేసే మనిషికి చూపించండి. తీగ పైపొర పగిలి ఉన్నా, ఎలుక కొరికినట్టు కనిపించినా, ఆ అడాప్టర్‌ను పక్కన పెట్టేయవలసిందే.

క్యాసెట్ల విషయంలో మన చేతులకు ఒక పాత అలవాటు ఉంది: ఆట రాకపోతే క్యాసెట్ తీసి అడుగున గట్టిగా ఊదడం. ఊదిన తరువాత ఒక్కోసారి ఆట వచ్చేమాట నిజమే గానీ, అది క్యాసెట్‌ను తీసి మళ్లీ పెట్టడం వల్ల పిన్నులు కొత్తగా తగులుకుని వచ్చింది. ఊపిరిలోని తేమ మాత్రం రాగి పిన్నులకు చేటు చేస్తుంది. గోపాలపురం నుంచి వచ్చే ఉప్పుగాలి అనుభవం ఉన్న బరంపురం వాసులకు లోహం ఎంత త్వరగా చిలుము పడుతుందో నేను చెప్పనక్కరలేదు.

శుభ్రం చేసే పద్ధతి ఇది. మొబైల్ ఫోన్లు బాగుచేసే దుకాణంలో ఐపీఏ అని అడిగితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా దొరుకుతుంది. 90 శాతానికి మించిన గాఢత ఉన్నదే తీసుకోండి. చెవి పుల్ల దూదిని అందులో కొద్దిగా తడిపి, క్యాసెట్ అడుగున కనిపించే పిన్నుల మీద పైనుంచి కిందికి ఒకే దిశలో తుడవండి. దూది నల్లబడినంతసేపూ కొత్త పుల్లలు మారుస్తూ ఉండండి. చిలుము మొండిగా ఉంటే మెత్తని తెల్ల రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, రబ్బరు పొట్టు పూర్తిగా దులిపి, మళ్లీ ఐపీఏతో తుడవండి. ఉప్పుకాగితం ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. పిన్నుల మీది పూత ఒకసారి లేచిపోతే మళ్లీ రాదు. తుడిచాక పావుగంట ఆరనిచ్చి అప్పుడు డబ్బాలో పెట్టండి. అదే ఐపీఏతో జాయ్‌స్టిక్ బొత్తాల కింది రబ్బరు ముక్కను కూడా తేలికగా తుడిస్తే, గట్టిగా నొక్కితే గానీ పనిచేయని బొత్తాలు చాలావరకు దారికి వస్తాయి.

కొత్తగా క్యాసెట్లు కొనాలనుకునేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మన డబ్బాలకు పట్టేవి 60 పిన్నుల ఫామికామ్ క్యాసెట్లు. అదే యంత్రానికి అమెరికా రూపమైన ఎన్‌ఈఎస్ క్యాసెట్‌కు 72 పిన్నులు. అది ఆకారంలోనే పెద్దది, మార్పిడి ముక్క లేకుండా మన డబ్బాలో దూరదు. ఇక 9999 ఆటలని చీటీ అంటించి ఉన్న క్యాసెట్ల సంగతి అందరికీ తెలిసినదే: పది, పదిహేను ఆటలనే పేర్లు మార్చి, మధ్య స్థాయిల నుంచి మొదలుపెట్టి, జాబితా నింపుతారు. పైగా వాటిలో ఇమిడేవి చిన్న ఆటలే కనుక, కింద చెప్పబోయే పెద్ద ఆటలకు విడి క్యాసెట్లు వెతుక్కోవాలి.

టీవీ కలపడం

వీలైతే పాత బరువైన పిక్చర్ ట్యూబు టీవీనే సంపాదించండి. టీవీ బాగుచేసే దుకాణాల్లో, పాత సామాన్లు కొనేవారి దగ్గర ఇవి ఇప్పటికీ కనబడుతూనే ఉంటాయి. ట్యూబు టీవీలో నలుపు వెలుగు లేని నలుపుగా ఉంటుంది, గీతల అంచులు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. ఆటను గీసినవారు అలాంటి తెరనే మనసులో పెట్టుకుని గీశారు. పెద్ద చదును తెర మీద అవే బొమ్మలు ముక్కలు ముక్కలుగా కనిపించి, దెయ్యం కాస్తా ముగ్గు చుక్కల పటంలా తయారవుతుంది.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. ట్యూబు టీవీ వెనక మూత విప్పకండి. లోపలి ట్యూబుకు 20,000 వోల్టులు, అంతకు మించి కూడా అందుతాయి. ప్లగ్ తీసేసిన తరువాత కూడా ఆ విద్యుత్తు కొంతకాలం నిలిచి ఉండవచ్చు. లోపల దుమ్ము దులపాలన్నా, మరమ్మతు చేయాలన్నా పని తెలిసినవారికే అప్పగించండి.

డబ్బాకు పసుపు, తెలుపు తీగలు ఉంటే టీవీ ఏవీ రంధ్రాల్లో రంగుకు రంగు కలిపితే సరిపోతుంది. ఆర్‌ఎఫ్ తీగ ఒక్కటే ఉంటే దాన్ని యాంటెన్నా రంధ్రంలో పెట్టి, డబ్బాలో ఆట వేసి ఉంచి, టీవీలో ఛానెళ్లు వెతికే సదుపాయాన్ని నడపండి. బొమ్మ తగలగానే ఆపి, ఆ సంఖ్యను భద్రపరచి, డబ్బా అడుగున ఒక చీటీ మీద రాసి అంటించండి. మరుసటి ఏడు ఈ వెతుకులాట మొత్తం తప్పుతుంది.

ఆట కొంచెం నెమ్మదిగా నడుస్తోందని ఎవరైనా అంటే అది డబ్బా లోపం కాదు. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు తెరను నింపితే, మన దేశంలో వాడిన పాల్ (PAL) అనే ప్రసార పద్ధతి టీవీలు 50 సార్లు నింపుతాయి. ఆ ఆటల వేగం తెర నింపే లెక్కకు ముడిపడి ఉన్నందువల్ల పాల్ డబ్బాలో ఆట, సంగీతం రెండూ దాదాపు ఆరో వంతు మందగిస్తాయి. మనలో చాలామంది చిన్నప్పుడు విన్నది ఆ నెమ్మది సంగీతమే. దెయ్యాల ఆటలకు అదే బాగుంటుందని నాకు అనిపిస్తుంది, అందులో పక్షపాతం ఉంటే ఉండవచ్చు.

డబ్బా లేనివారు ఏమి చేయాలి?

కంప్యూటరుకో, ఇప్పటి గేమింగ్ యంత్రానికో అధికారికంగా కొనుక్కోదగిన సంకలనాలు ఉన్నాయి. కొనామి సంస్థ 2019లో విడుదల చేసిన కాసిల్‌వేనియా యానివర్సరీ కలెక్షన్‌లో, కాసిల్‌వేనియా అనే డ్రాక్యులా కోట ఆటల వరుసలోని తొలి ఆటలతోపాటు, పిల్లలకు సరిపోయే నవ్వులాట కిడ్ డ్రాక్యులా కూడా ఉంది. అటారీ 2022లో తెచ్చిన అటారీ 50లో ఆ సంస్థ పాత ఆటలు ఎన్నో కలిసి వస్తాయి. అంతర్జాలంలో ఉచితంగా పంచే ఆట ఫైళ్లలో అధిక భాగానికి హక్కుదారుల అనుమతి ఉండదు కనుక వాటి జోలికి పోవద్దనే చెబుతాను. మన పసుపు క్యాసెట్లలో చాలావాటికీ ఆ అనుమతి ఉండేది కాదన్న సంగతి నాకు తెలియక కాదు. చదును టీవీకి కలిపేవారు టీవీ అమరికల్లో గేమ్ మోడ్ వేసుకోవాలి, లేకపోతే బొత్తం నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ కదలదు. తెర నిష్పత్తిని నాలుగుకు మూడుగా ఉంచండి. పక్కల నల్లపట్టీలు కనిపిస్తాయని సాగదీస్తే దెయ్యాలు లావెక్కి హాస్యంగా మారతాయి. పాత తుపాకీ ఆటలు మాత్రం చదును టీవీలో పనిచేయవు. మీట నొక్కిన క్షణంలో తెర నల్లబడి, లక్ష్యం ఉన్న చోట తెల్లని చతురస్రం మెరిస్తే, దాన్ని తుపాకీ గొట్టంలోని కాంతి గ్రాహకం పట్టుకుంటుంది. ఆ లెక్కంతా ట్యూబు టీవీ వేగాన్ని నమ్ముకుని చేసినది.

ఆటల వరుస

ఈ రాత్రికి ప్రాణం ఆటల వరుసలోనే ఉంది. భోజనాలకు ముందు, చిన్నపిల్లలు మెలకువగా ఉన్నప్పుడు తేలికైనవి వేయాలి. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌లో దెయ్యాలు తరుముతాయి గానీ, పెద్ద చుక్క మింగగానే నీలంగా మారి అవే పారిపోతాయి. భయం అటుదిటు తిరగడం చూసి పిల్లలు కేరింతలు కొడతారు. 1984లో నింటెండో తెచ్చిన డెవిల్ వరల్డ్ ఇంకా చిత్రమైనది. పైన నిలబడిన సైతాను చేయి చూపించిన వైపుకు చిక్కుదారి మొత్తం కదిలిపోతూ ఉంటుంది, అందులో ఒక చిన్న డ్రాగన్ గోడల మధ్య నలిగిపోకుండా చుక్కలు తినాలి. సిలువ పట్టుకుంటేనే అది నిప్పు ఊదగలదు. మత చిహ్నాల కారణంగా ఈ ఆటను ఆనాడు అమెరికాలో విడుదల చేయలేదు. సూపర్ మారియో బ్రదర్స్ 3 క్యాసెట్ ఉంటే అందులోని బూ అనే తెల్ల దెయ్యాన్ని చూపండి: మీరు దాని వైపు తిరిగితే ముఖం కప్పుకుంటుంది, వీపు చూపిస్తే వెంటపడుతుంది. 1988 నాటి ఈ చిన్న ఉపాయానికి మించిన దెయ్యం నడవడిక ఆ తరువాత ఎన్ని ఆటల్లో వచ్చిందో నాకు అనుమానమే.

భోజనాల తరువాత ఘోస్ట్స్ ఎన్ గోబ్లిన్స్ వేయండి. క్యాప్‌కామ్ సంస్థ 1985లో నాణెం వేసి ఆడే బజారు ఆటగా తెచ్చి, మరుసటి ఏడు ఇంటి యంత్రానికి మార్చిన ఈ ఆటలో ఆర్థర్ అనే వీరుడు శ్మశానంలో నడుస్తుంటే నేలలోంచి శవాలు లేస్తాయి. ఒక దెబ్బకు కవచం ఊడి లోదుస్తులతో మిగులుతాడు, రెండో దెబ్బకు ఎముకల గూడవుతాడు. ఆడేవారికి రెండు సూచనలు: దొరికిన ఆయుధాల్లో బాకును వదులుకోవద్దు, కాగడాను మాత్రం తీసుకోవద్దు, ఎందుకంటే అది దగ్గరలోనే పడి ఆరిపోయేదాకా మరొకటి విసరనివ్వదు. చివరిదాకా వెళ్లగలిగినవారికి అదంతా సైతాను పన్నిన మాయ అని చెప్పి, ఆటను మళ్లీ మొదటి నుంచి ఆడిస్తుంది; ఆ సంగతి ఇంట్లోవారికి ముందుగా చెప్పకండి.

తెర మీద శత్రువులు గుంపుగా వచ్చినప్పుడు బొమ్మలు మినుకుమినుకుమంటే టీవీని తట్టకండి. ఆ యంత్రం ఒకే అడ్డగీత మీద ఎనిమిదికి మించి కదిలే బొమ్మ ముక్కలను చూపలేదు. మిగిలినవాటికి ఆట వంతులవారీగా చోటిస్తుంది కనుక అవి మాయమవుతూ కనిపిస్తూ ఉంటాయి. దెయ్యాలకు ఈ లోపం అద్భుతంగా అమరింది.

రాత్రి పది దాటాక కాసిల్‌వేనియా. 1986లో జపాన్‌లో వచ్చిన ఈ ఆటలో సైమన్ బెల్మాంట్ కొరడా పట్టుకుని డ్రాక్యులా కోటలోకి వెళతాడు. కొవ్వొత్తులను కొడితే రాలే హృదయాలు ప్రాణం పెంచవు, అవి గొడ్డలి, పవిత్ర జలం వంటివి విసరడానికి పనికొచ్చే ఖర్చు సొమ్ము. ప్రాణం పెంచే మాంసం గోడల్లో దాగి ఉంటుంది, కనుక అనుమానంగా ఉన్న ప్రతి ఇటుకనూ కొట్టి చూడండి. ఒకసారి గెంతాక గాలిలో దారి మార్చుకోలేరు, దెబ్బ తగిలితే వెనక్కి పడిపోతారు; గుంటల మీద మెడూసా తలలు అలలు అలలుగా తేలి వచ్చే చోట ఈ రెండూ కలిసి ఎంత నేర్పరినైనా చంపుతాయి. తొందరపడకుండా, తలల రాకపోకల లయ చూసుకుని అడుగు వేయడం ఒక్కటే మార్గం. జీవాలన్నీ అయిపోయినా ఆ భాగం మొదటి నుంచి కొనసాగించే వీలుంది కనుక వంతులు వేసుకుని ఆడటానికి ఇది ఎంతో అనుకూలమైనది.

చివరగా, అటారీ సంకలనం ఉన్నవారు దీపాలన్నీ ఆర్పేసి 1982 నాటి హాంటెడ్ హౌస్ వేయండి. అందులో మీ పాత్రకు శరీరమే లేదు. చీకట్లో రెండు కళ్లు మాత్రం కనిపిస్తాయి. అగ్గిపుల్ల గీస్తే చుట్టూ కొద్ది మేర వెలుగు పడుతుంది, ఆ వెలుగులో మూడు ముక్కలైన కలశం ఎక్కడుందో వెతకాలి. కరెంటు కోతల్లో చీకటి గదిలో అగ్గిపెట్టె తడుముకున్నవారికి ఈ ఆట గురించి వేరే వివరణ అక్కరలేదు. ఫామికామ్‌లోనే 1989లో వచ్చిన స్వీట్ హోమ్ ఈ జాతి ఆటలన్నిటిలో గొప్పది. ఐదుగురు మనుషులు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పనిముట్టు, చనిపోయినవారు తిరిగి రారు. 1996 నాటి రెసిడెంట్ ఈవిల్ అనే భయానక ఆటకు దారి వేసినది అదే. అయితే అది జపాన్‌లో, జపాను భాషలో మాత్రమే విడుదలైంది, పైగా చదవవలసిన మాటలు ఎక్కువ. కుటుంబ రాత్రికి దాన్ని పెట్టుకోవద్దని నా సలహా.

గది, వంతులు

ఒక్క టీవీ వెలుగు తప్ప మరేదీ ఉండకూడదు, కానీ ఆడేవారు తెరకు కనీసం ఆరడుగుల దూరంలో కూర్చోవాలి. ఫోన్లన్నీ ఒక పళ్లెంలో వేసి వంటగదిలో పెట్టించండి. శబ్దం టీవీ స్పీకరు నుంచే రానివ్వండి. ఐదు దారుల్లో పుట్టే ఆ సన్నని సంగీతాన్ని పెద్ద స్పీకర్లకు ఎక్కిస్తే చెవులు గింగురుమంటాయి. ఒక జీవం పోగానే జాయ్‌స్టిక్ పక్కవారికి ఇవ్వాలనే నియమం మొదటే పెట్టుకోండి. చిన్నవారితో మొదలుపెట్టి పెద్దల వైపు వంతు సాగాలి: మనవడు, అక్క, బావ, పిన్ని, చివరికి తాతయ్య. ఆడనని మొరాయించే తాతయ్యకు దారి చెప్పే పని అప్పగిస్తే, రెండు వంతులు తిరిగేసరికి ఆయనే అడిగి తీసుకుంటారు. పక్కింటి ఒడియా కుటుంబాన్ని కూడా పిలవండి. ఈ ఆటలకు భాషతో పని చాలా తక్కువ. నిజంగా భయపడే పసివారు ఉంటే కాసిల్‌వేనియా దగ్గరికి వచ్చేసరికి వారిని పడుకోబెట్టడం మంచిది.

తిరిగి భద్రపరచడం

ఆట ముగిశాక డబ్బాను వెంటనే అటక ఎక్కించవద్దు. మన వైపు అక్టోబరు తుపానుల నెల కూడా. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గంజాం, గజపతి జిల్లాల్లో అటకల మీది సామాన్లు ఎన్ని తడిసిపోయాయో ఇక్కడివారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఉరుములు మొదలైతే ఆట మధ్యలో ఉన్నా సరే, టీవీ ప్లగ్, యాంటెన్నా తీగ రెండూ పీకేయండి. మరునాడు డబ్బానూ క్యాసెట్లనూ పొడిగుడ్డతో తుడిచి, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ పెట్టెలో, కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతోపాటు పెట్టండి. తీగలను మోచేతికి గట్టిగా చుట్టకుండా వదులుగా మడిచి, అడాప్టర్‌ను వేరే సంచిలో ఉంచి, దాని మీద అది ఏ డబ్బాదో రాయండి. పెట్టెను పైకప్పు కారే అటక మీద కాకుండా, బీరువా పై అరలో పెట్టడం మేలు.